వేపమండల తాడు

కంపెనీ గేటు దగ్గర నా పని ఒకటే. ఎత్తమంటే అడ్డకర్ర ఎత్తడం, దించమంటే దించడం. చేరిన కొత్తలో ఒకసారి ఎవరూ చెప్పకుండానే దించాను. మేనేజరు కారు అద్దం పగిలింది. ఆయన కోప్పడలేదు. "మొగులయ్యా, చెప్పనిది చెయ్యకు" అన్నాడు, అంతే. ఆ తర్వాత పదకొండేళ్లు చెప్పనిది ఏదీ చెయ్యలేదు నేను.

అందుకేనేమో, తొంభై ఆరు ఎండాకాలంలో మా ఊరికి కొత్త బొడ్రాయి నిలబెట్టిననాడు సడక్ వైపు తాడు దగ్గర కావలికి నన్నే పెట్టారు.

బొడ్రాయి అంటే ఊరికి బొడ్డు. నడి ఊళ్లో మోకాలెత్తు రాయి. పాతదాన్ని ఒక ట్యాంకరు వెనక్కి వస్తూ గుద్దింది. రాయి నిలువునా చీలింది. ఆ ఏడాదే వాగునీళ్లు తాగిన బర్రెలు నాలుగు చచ్చాయి. బొంబాయి సడక్ మీద మా ఊరివాళ్లు ఇద్దరు లారీ కింద పోయారు. బోర్లలో నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి. అన్నీ బొడ్రాయి పగిలినందుకే అన్నారు. రాయి పగలడానికి రెండేళ్ల ముందే నీళ్ల రంగు మారిందని నాకు గుర్తు. నన్నెవరూ అడగలేదు.

కొత్త రాయి నిలబెట్టేనాడు ఊరిని కడతారు. నాలుగు దారులకూ వేపమండలు గుచ్చిన తాళ్లు అడ్డంగా కడతారు. ఊరివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపల ఉండకూడదు. బయటివాడు ఒక్కడు లోపల మిగిలినా ఊరి బలమంతా వాడి వెంట పోతుందని నమ్మకం. మా తాతల నాడు బయటివాళ్లంటే గాజులమ్ముకునేవాడు, ఎక్కడికో పోతూ పోతూ అరుగు మీద నడుం వాల్చిన బైరాగి. ఒక మాట చెబితే లేచి పోయేవాళ్లు.

ఇప్పుడు అట్లా కాదు. మా ఊళ్లో రెండు వందల చిల్లర ఇళ్లుంటే, వాటి వెనకాల కొట్టాలు తీసేసి వేసిన రేకుల గదులు నూటికి పైగా ఉన్నాయి. కంపెనీల్లో పనికి వచ్చినవాళ్లు వాటిలో కిరాయికి ఉంటారు. మా ఇంటి వెనకా ఒక గది ఉంది. అందులో దైతారి, అతని భార్య కుంతల, వాళ్ల నాలుగేళ్ల పిల్ల మిలి ఉండేవాళ్లు. అప్పటికి ఐదేళ్లయింది వచ్చి. దైతారి మా కంపెనీలోనే మాత్రల మందుపొడి ఆరబెట్టే చోట పనిచేసేవాడు. తాటిచెట్టంత మనిషి. మా గుమ్మం కింద వంగడం అలవాటయ్యేదాకా నుదుటి మీద ఎప్పుడూ బొప్పి ఉండేది.

ఊళ్లో అతన్ని బిహారాయన అనేవాళ్లు. అతనిది ఒరిస్సా. మొదట్లో ఒకరిద్దరికి చెప్పాడు. "గదే, గా దిక్కే" అన్నారు. తర్వాత చెప్పడం మానేశాడు. గేటు పుస్తకంలో పేరు పక్కన ఊరు అనే గడి ఉంటుంది. అందులో నేను కూడా బిహార్ అనే రాసేవాణ్ని. సూపర్‌వైజరు అట్లా చెప్పాడు.

మా అమ్మ ముత్యమ్మ మంత్రసాని. మా ఇంటి కోడళ్లకు అది తరతరాల పని. మిలి పుట్టింది ఆ రేకుల గదిలో, అమ్మ చేతుల మీద. దాని బొడ్డుపేగును మా పెరట్లో మునగచెట్టు మొదట్లో పాతింది, నా తమ్ముడిది పాతిన చోటనే. ఊళ్లో కాన్పులన్నీ సంగారెడ్డి దవాఖానకు మళ్లాక అమ్మకు పని లేకుండా పోయింది. ఆమె తర్వాత నేర్చుకున్నవాళ్లు కూడా లేరు.

బొడ్రాయి ఆదివారం అనగా, గురువారం పొద్దున యాదన్న డప్పు కొట్టుకుంటూ చాటింపు వేశాడు.

"ఇనుండ్రయ్యా ఇనుండ్రి! ఐతారం నాడు ఊరు కడుతున్నరు. బయటోళ్లు కోడి కూయకముందే పొలిమేర దాటాలె. దీపాలు పెట్టినంక రావాలె!"

మిలి ఆ డప్పు వెంట మూడు గల్లీలు తిరిగి వచ్చింది. వాకిట్లో నిలబడి యాదన్న గొంతుతోనే వాళ్లమ్మకు చాటింపు వేసింది. "అమ్మా, ఇనుండ్రి! బయటోళ్లందరు పోవాలెనంట! మనం దగ్గర నిలవడి సూడొచ్చు!"

కుంతల పకపకా నవ్వింది. నవ్వి, నడుం పట్టుకుని కూర్చుంది. ఆమెకు నెలలు నిండాయి.

అమ్మ ఆమె కడుపు మీద చెయ్యి పెట్టి చూసింది. "కడుపు జారింది. ఇయ్యాలనో రేపో అన్నట్టుంది. ఈ పిల్లను యాడికి తోలుతరు?"

"పటాన్‌చెరుల నా దోస్త్ రూమ్ ఉంది మవుసీ. ఆటో తెస్త" అన్నాడు దైతారి.

"రూముల ఎంతమంది?"

"ఆరుగురు."

"ఆడోళ్లు ఎంతమంది?"

దైతారి మిలి జుట్టు సర్దాడు.

"ఆటో ఆ గుంతల్ల ఎగిరితే బిడ్డ తోవలనే పడతది. పోని పటాన్‌చెరు చేరిందే అనుకో, ఆరుగురు మొగోళ్ల నడుమ కంటదా?" అమ్మ చీర దులుపుకుని లేచింది. "మొగులయ్యా, నడువ్. పంచాయతీ ఆఫీసుకు."

ఆఫీసులో కమిటీ కూర్చుని ఉంది. దానికి పెద్ద చలపతిరావు. పాత పట్వారీ ఇంటివాడు, పిల్లల చదువులకని సంగారెడ్డిలో ఉంటాడు గానీ ఊరి పనులకు ఆయనే ముందుండాలి. పక్కన సర్పంచ్ కొమురయ్య, ఇంకో ఆరేడుగురు. బల్ల దగ్గర బడిపంతులు కృపానందం సారు కాగితం ముందు పెట్టుకుని ఉన్నాడు. ఆయన చర్చికి పోయే మనిషి, బొడ్రాయికి మొక్కడు. అయినా ఊళ్లో ఏ జాబితా రాయాలన్నా చేతిరాత బాగుంటుందని ఆయన్నే పిలుస్తారు.

అమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. "రావు సాబ్, మా ఇంట్ల నిండు కడుపుది ఉంది. దాన్ని తోలొద్దు."

"ఎవరు, బిహారాయన పెండ్లామా?" అన్నాడు కొమురయ్య. "ఒక్క పొద్దు ముచ్చట ముత్యమ్మా. దీపాల యాళ్లకు వస్తరు. ఒకరిని ఉండనిస్తే అందరు అడుగుతరు."

"బయటోళ్లని ఎట్ల తెలుస్తది బిడ్డా?"

"గిదేం అడుగుడు? బొడ్డు ఈ ఊర్ల కోసినోడు ఊరోడు. అందుకే దాన్ని బొడ్రాయి అన్నరు. కానోడు బయటోడు."

చలపతిరావు తలూపాడు. సారు ఆ ముక్క కాగితం పైన రాశాడు.

అమ్మ లోపలికి వచ్చి నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. తొందరగా లేచిపోయే కూర్చోవడం కాదు అది.

"కొమురయ్యా, నీ బొడ్డు యాడ కోసిన్రు?"

"యాడేంది? ఈడనే."

"ఈడ కాదు. నువ్వు తొలుసూరు బిడ్డవు. మీ అమ్మ తల్లిగారింటికి పోయింది, సుల్తాన్‌పూర్. మూడో నెలల నిన్ను తట్టల పండవెట్టుకొని తెచ్చిన్రు. నేను సూసిన. తట్టల పట్టకపోతివి, కాళ్లు బయటికే ఉండె."

ఎవరో కిసుక్కుమన్నారు. కొమురయ్య కూడా నవ్వాడు, కొద్దిగా.

"రావు సాబ్, మీది సదాశివపేట. అమ్మగారు మిమ్మల్ని ఎత్తుకొని కచ్చురం బండి దిగినప్పుడు దిష్టి తీసింది మా అత్తనే."

చలపతిరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మా దిక్కున మొదటి కాన్పు తల్లిగారింట్లోనే జరుగుతుంది. అందరికీ తెలిసిందే, ఎవరూ ఇట్లా ఆలోచించలేదు. గదిలో ఎవరికి వాళ్లు లోపల వెతుక్కుంటున్నట్టు కనిపించారు. కమిటీలో ఉన్న అంజన్న లేచి బయటికి పోయి బీడీ ముట్టించుకున్నాడు.

"నాది?" అని అడిగాను. ఆ రోజు నేను అడిగింది అదొక్కటే.

"నీది భానూర్. మా అమ్మ కోసింది" అంది అమ్మ.

"నాది ఈడనే" అన్నాడు కృపానందం సారు, కాగితం మీంచి తలెత్తకుండా. "ముత్యమ్మ వాళ్లత్త కోసింది."

ఒక్కొక్కరినీ అడుగుతూ పోతే ఆ గదిలో ఊరివాడని తేలింది సారు ఒక్కడే. ఆయన బొడ్రాయికి మొక్కడు.

"బొడ్డు ముచ్చట కాదు" అన్నాడు చలపతిరావు. "తండ్రి ఇల్లు యాడుంటే గదే ఊరు. గట్ల రాయుండ్రి."

సారు మొదటి వరుస కొట్టేసి రెండోది రాశాడు.

"మరి కొమురయ్య అల్లుడు? ఇల్లరికం ఉన్నడు గద. ఆయన నాయన ఇల్లు జోగిపేటల" అంది అమ్మ.

"వాన్నెట్ల తోలుతం?" కొమురయ్య గొంతు పెంచాడు. "రాయి ఎత్తేటోళ్లల్ల వాడే ముందు!"

"నేను తోలమంటలేను బిడ్డా. అడుగుతున్న. కోడండ్లం కూడ అందరం బయటోళ్లమే అయితం. పొద్దుగాల్ల లేసి మా తల్లిగారిండ్లకు పోతం. బోనాలు మీరు వండుకోండ్రి."

"కోడండ్లు పెండ్లి తోని ఊరోళ్లయిన్రు."

"పెండ్లి తోని అయితరు. పురుడు తోని కారా?"

బీడీ అవగొట్టి లోపలికి వచ్చిన అంజన్న ఉపాయం చెప్పాడు. "ఓట్ల లిస్టు తియ్యుండ్రి. ఓటున్నోడు ఊరోడు. సర్కారు కాయిదం, ఇగ లొల్లేముంది?"

అందరికీ నచ్చింది. సారు రెండో వరుసా కొట్టేసి మూడోది రాసి, బీరువాలోంచి ఓటర్ల జాబితా తీసి తిరగేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "రావు సాబ్ ఓటు సంగారెడ్డిల ఉంది."

"దైతారిది?" అడిగింది అమ్మ.

"ఈడనే ఉంది. ఇద్దరిదీ."

అంతకు ముందు ఏడాది పంచాయతీ ఎలక్షన్లలో గది గదికీ తిరిగి కిరాయివాళ్ల ఓట్లన్నీ ఎక్కించింది కొమురయ్యే. కొమురయ్య తువ్వాల తీసి దులిపి ఇంకో భుజం మీద వేసుకున్నాడు.

చలపతిరావు చేత్తో బల్ల తట్టాడు. "గిట్ల తెగదు. కిరాయికి ఉన్నోళ్లు బయటోళ్లు. రాయుండ్రి సారూ. అయిపోయింది."

సారు మూడో వరుస కూడా కొట్టేసి నాలుగోది రాశాడు. గేటు పుస్తకాలు చూసే అలవాటు నాది. ఆ కాగితం చూశాను. పైన మూడు వరుసలు కొట్టేసి ఉన్నాయి. కింద బయటికి పోవలసినవాళ్ల పేర్లు ఉన్నాయి. అవి మేము రాకముందే రాసినవి. వాటిలో ఒక్కటీ కొట్టేసి లేదు.

అమ్మ నేల మీద చెయ్యి ఊని లేచింది. "అయితే నేనూ పోత. నా బొడ్డు కూడ భానూర్ల ఉంది."

అందరూ నవ్వారు. బరువు దిగినట్టు నవ్వారు. "పో ముత్యమ్మా, తమ్మునింట్ల కోడికూర తిని రా!" అన్నాడు కొమురయ్య.

నేను గుమ్మం దాటుతుంటే చలపతిరావు పిలిచాడు. "మొగులయ్యా, సడక్ దిక్కు తాడు కాడ నువ్వుండు. కట్టినంక దీపాల దాక ఎత్తొద్దు. ఎవరన్నా సరే. బయటికి పోయినోడు బయటోడే."

"సరే" అన్నాను.

ఆదివారం తెల్లవారకముందే జనం కదిలారు. సద్ది గిన్నెలు, చద్దర్లు, చంకన పిల్లలు. డ్యూటీ ఉన్నవాళ్లు డ్యూటీకి పోయారు. కొందరు సినిమా చూద్దామని పటాన్‌చెరు ఆటో ఎక్కారు. ఎక్కడికీ పోలేనివాళ్లు పాతికమంది దాకా సడక్ పక్కన, మూతపడ్డ ఒక కంపెనీ గోడ నీడన చద్దర్లు పరుచుకున్నారు.

అందరికంటే వెనక అమ్మ వచ్చింది. ఒక చెయ్యి కుంతల నడుం చుట్టూ వేసి నడిపిస్తోంది. ఇంకో చేతిలో సంచి. ఆ సంచి నాకు తెలుసు. దారం, బ్లేడు, పాత చీర ముక్కలు, ఆముదం సీసా. దైతారి నెత్తి మీద నులకమంచం. మిలి కొత్త గౌను వేసుకుని ఏడుస్తూ వస్తోంది.

"నిజంగనే పోతున్నవా అమ్మా?"

"పోక?" అంది. తాడు కట్టే చోట ఒక్క క్షణం ఆగి, కొంగు సర్దుకుని దాటింది.

కోడి కూసింది. నేను తాడు కట్టాను. ఒక కొస వేపచెట్టుకు, ఇంకో కొస కరెంటు స్తంభానికి, రొమ్మెత్తున. అమ్మ అవతల, నేను ఇవతల. మధ్య పది అడుగులు.

ఊళ్లో డప్పులు మొదలయ్యాయి. ఎండ ఎక్కింది. మిలి ఏడుపు మాని తాడు దగ్గరికి వచ్చింది, ఒక్కొక్క వేపాకే తెంపుతూ.

"మామా, నా బొడ్డు లోపటనే ఉందంట గద. అవ్వ చెప్పింది. నన్ను రానియ్యి."

"దీపాలు పెట్టినంక" అన్నాను.

దైతారి పిల్లను పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. కుంతల మంచం మీద కూర్చుంటుంది, లేచి నాలుగడుగులు వేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. గోడ నీడ తగ్గేకొద్దీ మంచాన్ని గోడకు జరుపుతున్నారు. పది గంటలకు మంచం గోడకు ఆనుకుంది. ఇంక జరపడానికి లేదు. దైతారి చద్దరు ఒక కొస గోడ మీది ఇటుకల కింద పెట్టి, రెండో కొస చేత్తో పట్టుకుని నీడ చేశాడు.

"మొగులయ్యా భాయ్" అన్నాడు, చద్దరు పట్టుకునే. "మా ఊర్ల కూడ ఉంటది ఇట్ల. అమ్మవారి పండుగకు. బయటి ఆద్మీ ఉండొద్దు. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు నేను కూడ డండా పట్టుకొని నిలవడ్డ, నీ లెక్క."

"ఎవరన్న వచ్చిన్రా?"

"ఒకడు వచ్చిండు. గిన్నెలమ్మేటోడు. తెలుగువాడే. దూపైతుంది, నీళ్లు ఇయ్యుమన్నడు. నేను ఇయ్యలే. భగాయించిన." నవ్వాడు. "ఎన్నడు యాదికి రాలే. ఇయ్యాల పొద్దటి సంది వాని మొకమే కనవడుతుంది."

నా దగ్గర నీళ్ల బిందె ఉంది, పొద్దున మా ఇంటావిడ పంపింది. తాడు ఎత్తొద్దన్నారు గానీ నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. బిందెను తాడు కింది నుంచి కాలితో అవతలికి జరిపాను. అమ్మ వచ్చి తీసుకుపోయింది.

"మీ ఊరి పేరేంది?" అని అడిగాను.

"ఐదేండ్లకు అడిగినవ్!" అన్నాడు దైతారి. చెప్పాడు. నాలుగు అక్షరాల పేరు. రెండుసార్లు అనిపించుకుని నేర్చుకున్నాను.

ఇంకో అరగంటకు ఊళ్లో డప్పులు ఒక్కసారిగా ఆగాయి. మామూలుగా ఆగే చోట కాదు, దరువు మధ్యలో. కాసేపటికి చలపతిరావు, కొమురయ్య, అంజన్న సగం నడుస్తూ సగం ఉరుకుతూ వచ్చారు. చలపతిరావు తడిపంచె మీదనే ఉన్నాడు.

కొత్త రాయి గుంతలో దిగగానే దానికి మొదటి ఆముదం, మొదటి పసుపు మంత్రసాని చేత్తో పెట్టాలి, పుట్టిన బిడ్డ బొడ్డుకు పెట్టినట్టే. వెనకటిసారి మా నాయనమ్మ పెట్టింది. అది నలభై ఏళ్ల కిందటి మాట. వీళ్లంతా అప్పుడు చిన్నవాళ్లు, మర్చిపోయారు. నాకు గుర్తుంది. నన్నెవరూ అడగలేదు.

"ముత్యమ్మా, జల్దీ రా" అన్నాడు చలపతిరావు, రొప్పుతూ. "మంత్రసాని ఏదని పూజ చేసే అయ్యగారు కూసున్నడు. పదకొండున్నర దాటితే ముహూర్తం లేదు."

"నేను బయటిదాన్ని గద రావు సాబ్."

"మజాకులు చేసే యాళ్లనా ఇది? నవ్వులాటకు అన్నవనుకున్నం."

"నవ్వింది మీరు. నేను నవ్వలే."

కొమురయ్య నా మీదికి తిరిగాడు. "తాడెత్తురా మొగులయ్యా!"

"ఎత్తొద్దన్నరు."

"ఎవడన్నడు?"

"రావు సాబే అన్నరు. దీపాల దాక ఎత్తొద్దు, బయటికి పోయినోడు బయటోడేనని."

"అరే, ఆమె మీ అమ్మరా!"

"ఎవరన్నా సరే అన్నరు."

అంజన్న తువ్వాల మూతికి అడ్డం పెట్టుకున్నాడు. కొమురయ్య తాడు మీద చెయ్యి వెయ్యబోయి ఆగాడు. కావలివాడు తప్ప ఇంకొకరు ముట్టరాదని ఆయనకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"ముత్యమ్మా, నువ్వన్న చెప్పు వీనికి" అన్నాడు.

"వాని డ్యూటీ వాడు చేస్తున్నడు." అమ్మ మంచం పక్కనుంచి లేవలేదు. కుంతల చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. "రావు సాబ్, మా అత్త నాకు రెండు మాటలు చెప్పి పోయింది. బొడ్రాయికి మొదటి ఆముదం మన చెయ్యే పెట్టాలె అన్నది. నొప్పులు దగ్గరవడ్డ మనిషిని ఇడిసి అడుగు కదలొద్దు అన్నది. రెండూ ఊరి కట్టడే. ఒకటి తప్పి రెండోది ఎట్ల చేద్దును?"

చలపతిరావు గడియారం చూశాడు. తర్వాత తాడు మీదుగా చద్దరు కిందికి చూశాడు. కుంతల ముఖం మీద చెమట కారుతోంది, కొంగు తీసి తుడుచుకునే ఓపిక కూడా లేనట్టు కళ్లు మూసుకుని ఉంది. పక్కన దైతారి చద్దరు కొసను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటున్నాడు. గంట నుంచి అట్లాగే పట్టుకుని ఉన్నాడు మరి. మా ఇంట్లో ఐదేళ్లుగా ఉన్న ఆ ఇద్దరినీ ఆయన చూడడం అదే మొదలు అనుకుంటాను.

"ముసలామె ఒక్కదాన్ని..." అని కొమురయ్య ఆయన చెవిలో ఏదో అనబోయాడు. చలపతిరావు చెయ్యి ఎత్తి ఆపాడు.

"మొగులయ్యా, తాడు ఎత్తు."

ఎవరికోసమో చెప్పలేదు. చెప్పి వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు.

నేను స్తంభం దగ్గర ముడి విప్పి కొస చేతిలోకి తీసుకుని ఎత్తాను. అందరికంటే ముందు మిలి దూరింది. వాకిలి దాకా ఒకటే ఉరుకు. తర్వాత అమ్మ, ఆమె భుజం మీద బరువంతా వేసి కుంతల. నా పక్కనుంచి పోతూ కుంతల నావైపు చూసింది.

మంచం నెత్తిన పెట్టుకుని వచ్చిన దైతారి తాడు ముందు ఆగాడు.

"మై భీ? నేను కూడనా?"

మంచంతో అతను ఆ తాడు కింద పట్టడు. పక్కనున్న రాయి మీదికి ఎక్కి తాడును ఇంకా పైకెత్తాను. అతను వంగకుండా నడిచి లోపలికి పోయాడు.

గోడ పక్కనున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నేను రాయి మీదనే ఉన్నాను, తాడు పైకే ఉంది. ముందు బీదర్ దిక్కు ముసలామె ఒకామె మనవణ్ని చంకనేసుకుని వచ్చింది. ఆమె వెనక శ్రీకాకుళం ఆలుమగలు, వాళ్ల వెనక ఇంకో పదిమంది. తాడు అంత ఎత్తున ఉన్నా తల వంచుకునే దాటారు. ఎనిమిదిమందో తొమ్మిదిమందో రాలేదు. రమ్మని సైగ చేశాను. ఒకాయన వద్దన్నట్టు చెయ్యి ఊపి, చద్దరు మీద ఇంకో పక్కకు తిరిగి పడుకున్నాడు.

అంత దూరం పోయిన కొమురయ్య వెనక్కి తిరిగి చూశాడు. "ఏయ్ మొగులయ్యా! తాడు..."

"నడువు కొమురయ్యా" అన్నాడు చలపతిరావు, తల తిప్పకుండా. "టైం అయితుంది."

కాసేపటికి డప్పులు మళ్లీ అందుకున్నాయి. అమ్మ ఆముదం పెట్టింది, రాయి నిలబడింది. కుంతలకు ఆ రోజు నొప్పులు రాలేదు, మంగళవారం తెల్లవారి వచ్చాయి. బోర్లలో నీళ్లు మాత్రం ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి.

కంపెనీ గేటు కర్రకు వెనక కొసన బరువుకని ఒక రాయి కట్టి ఉంటుంది, అది తనంతట అదే లేస్తుంది. ఈ తాడుకు అట్లాంటిదేమీ లేదు. ఆ మధ్యాహ్నం రాయి మీదే నిలబడి ఎత్తి పట్టుకుంటే నా రెండు భుజాలూ గుంజడం మొదలుపెట్టాయి. ఎత్తమన్నారు, ఎత్తాను. దించమని చెప్పడానికి ఎవరైనా వస్తున్నారేమోనని ఊరివైపు చూశాను. ఎవరూ రాలేదు. తాడు కొసను స్తంభానికి, నా చెయ్యి అందినంత పైన ముడివేసి, రాయి దిగి కూర్చున్నాను.